కానిస్టేబుల్ జీతం మీద నడిచిన టీమ్

మీరు అడిగినవి రెండు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది కదా, అసలు ఈ ఊరికి ఫుట్‌బాల్ ఎప్పుడైనా అంటిందా అని ఒకటి. సిటీ పోలీస్‌లో పనిచేసిన మీ తాతగారు ఏదో టీమ్‌తో దిగిన గ్రూప్ ఫొటో ఇంట్లో ఉంది, ఆ టీమ్ సంగతేంటి అని ఇంకొకటి. నిజానికి రెండోదాని జవాబులోనే మొదటిది కూడా ఉంది. కాస్త పొడుగవుతుంది, చాయ్ పెట్టుకుని చదవండి.

నా గురించి రెండు ముక్కలు. 1979 నుంచి తొంభైల దాకా సిటీ లీగ్‌లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడాను. స్పోర్ట్స్ కోటాలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యాక పిల్లలకు ఆట నేర్పుతున్నాను. సిటీ పోలీస్‌కి నేను ఆడలేదు. ఆడినవాళ్ల చేత తిట్లు మాత్రం తిన్నాను.

ముందు లెక్కలు చెప్పేస్తాను. ముంబైలో రోవర్స్ కప్ అని ఉండేది. 1891లో మొదలైన టోర్నమెంట్. కూపరేజ్ గ్రౌండ్‌లో జరిగేది. దాన్ని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950, 51, 52, 53, 54 – ఐదేళ్లు వరసగా గెలిచింది. కోల్‌కతా పెద్ద క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్, వీళ్లలో ఎవరికీ అది చేతకాలేదు. టోర్నమెంటే ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఇక ఎవరికీ చేతకాదు కూడా. ఇంకో పెద్ద టోర్నమెంట్ డ్యూరాండ్ కప్ అయితే 1940 తర్వాత యుద్ధం, విభజన గొడవల్లో తొమ్మిదేళ్లు జరగలేదు. 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైంది. అంటే స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ అది. ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించి కప్పు పట్టుకొచ్చింది మన పోలీసులే. హైదరాబాద్‌లో పోలీస్ యాక్షన్ జరిగి అప్పటికి రెండేళ్లు. ఊరు ఇంకా కుదుటపడలేదు. పాతబస్తీ కుర్రాళ్లు, కంటోన్మెంట్ కుర్రాళ్లు కలిసి ఢిల్లీ వెళ్లి కప్పు ఎత్తుకొచ్చారు. ఆ తర్వాత 1954లో ఒకసారి, 1957లో ఈస్ట్ బెంగాల్ మీద ఇంకోసారి గెలిచారు. మధ్యలో 1952లో, 1956లో అదే ఈస్ట్ బెంగాల్ చేతిలో ఫైనల్ ఓడిపోయారు. వాళ్లకీ వీళ్లకీ పడేది కాదు.

ఇన్ని గెలిచిన టీమ్‌ని చిన్న టీమ్ అంటే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. కానీ చిన్నదే. మోహన్ బగాన్‌కి మెంబర్లు ఉంటారు, చందాలు ఉంటాయి, ఓడితే రోడ్డెక్కే జనం ఉంటారు. సిటీ పోలీస్‌కి ఇవేవీ లేవు. సొంత స్టేడియం లేదు. టికెట్ డబ్బుల మీద బతికే టీమ్ కాదు. ఆటగాడికి అందేది డిపార్ట్‌మెంట్ ఇచ్చే జీతం, అది కానిస్టేబుల్ జీతం. బాగా ఆడితే ప్రమోషన్ వస్తుందన్న ఆశ. టీమ్ అన్నది ఒక ఆఫీసు ఫైలు. ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి ఆటంటే ఇష్టం ఉన్నన్నాళ్లూ అది కదులుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఇక రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మీద సినిమా వచ్చాక అందరికీ పేరు తెలిసింది, సంతోషం. అయితే సినిమాలో కనిపించేది ఎక్కువగా ఇండియా కోచ్. మాకు తెలిసిన రహీం సాబ్ ముందు బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుని, కాచిగూడ, చాదర్‌ఘాట్ వైపు బళ్లలో పాఠాలు చెప్పినాయన. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. సిటీ పోలీస్ కోచింగ్ కూడా ఆ రోజుల్లోనే చేపట్టారు. రెండూ చివరిదాకా వదల్లేదు. జాతీయ జట్టుకు కోచ్ అయ్యాక కూడా ఇక్కడి పిల్లల లీగ్‌లు ఆయనే నడిపేవారు.

ఆయన పద్ధతి పుస్తకాల్లో చదివితే రెండు ముక్కల్లో అయిపోతుంది. డ్రిబ్లింగ్ (బాల్‌ని కాలితో నెట్టుకుంటూ ఎదుటివాణ్ణి తప్పించుకుపోవడం) లేని పోటీలు పెట్టేవారు. రెండో కాలుతోనే ఆడే పోటీలు పెట్టేవారు. అనుభవిస్తే గానీ అందులో ఏముందో తెలీదు. నాకు పదహారేళ్లప్పుడు సికింద్రాబాద్‌లో మా కోచ్ ఒకాయన ఉండేవారు. కుర్రతనంలో రహీం సాబ్ దగ్గర నేర్చుకున్న మనిషి. నేను పుట్టుకతో ఎడమకాలివాణ్ణి. మొదటిరోజే నన్ను నిలబెట్టి, జేబులోంచి రుమాలు తీసి నా ఎడమ బూటుకు చుట్టి కట్టారు. "ఈ రుమాలుకు బాల్ తగిలితే ఫౌల్. మట్టి అంటితే ఉతికి తేవాలి" అన్నారు. అరగంట మ్యాచ్. కుడికాలితో నేను కొట్టిన మొదటి పాస్ నేరుగా ప్రత్యర్థి కాళ్ల దగ్గరికి వెళ్లింది. రెండోది లైను దాటింది. మిగతావాళ్లంతా కుడికాలివాళ్లు, వాళ్ల కుడి బూట్లకు రుమాళ్లు. ఇరవైరెండు మంది కుంటుతున్నట్టు ఆడుతుంటే చూసేవాళ్లు నవ్వారు. నెల గడిచేసరికి నవ్వు ఆగింది. రుమాలు మాత్రం నేను రోజూ ఉతికాను.

రెండోది డ్రిబ్లింగ్ నిషేధం. బాల్ వచ్చిందంటే ఆపడానికి ఒక టచ్, ఇవ్వడానికి ఒక టచ్. మూడో టచ్ పడితే ఈల. ఇప్పుడు టీవీలో స్పెయిన్ టీమ్‌ని చూసి ఆహా అంటాం గానీ, ఆ రోజుల్లో మన దేశంలో ముగ్గుర్ని తప్పించి పరుగెత్తినవాడే హీరో. గ్యాలరీ వాడికే చప్పట్లు కొట్టేది. అలాంటి కాలంలో ఒక బడిపంతులు కానిస్టేబుళ్లను పోగేసి "నువ్వు పరుగెత్తకు, బాల్‌ని పరుగెత్తించు" అని నేర్పించారు. మూడో టచ్‌కి ఈల వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. బాల్ కాళ్ల దగ్గరికి రాకముందే ఎవరికివ్వాలో చూసుకోవాలి. తల పైకెత్తక తప్పదు. మిగతావాళ్లు ఖాళీలోకి కదలక తప్పదు. అంటే ఆటగాడి బుర్రతో పని చేయించడం. నలుగురు డిఫెండర్లు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు నిలబడే 4-2-4 పద్ధతిని మన దేశానికి అలవాటు చేసింది కూడా ఆయనే.

మనుషుల్ని ఎక్కడ పట్టుకున్నారో కూడా చెప్పాలి. తులసీదాస్ బలరాం అమ్ముగూడ కుర్రాడు. బొలారం వైపు, ఆ రోజుల్లో ఊరికి ఎక్కడో అవతల. ఇంట్లో పేదరికం. ప్రాక్టీస్‌కి రమ్మంటే రోజూ సిటీకి రావడానికి డబ్బుల్లేవన్నాడట. సైకిల్ అద్దెకు తీసుకోవడానికి రహీం సాబే డబ్బులిచ్చారని బలరాం చివరిదాకా చెప్పుకునేవారు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చాడు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. వార్త చూసి అమ్ముగూడలో ఎంతమందికి ఆయన తమ ఊరివాడని తెలిసి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మెల్‌బోర్న్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్లింది. యుగోస్లావియా చేతిలో, ఆ తర్వాత బల్గేరియా చేతిలో ఓడింది. నాలుగేళ్ల ముందు హెల్సింకిలో అదే యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టిందని గుర్తుంటే, 4-1తో ఓడటం విలువేంటో తెలుస్తుంది. ఆ 1956 జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ సిటీ పోలీస్ వాళ్లు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి మిలటరీలోకి వెళ్లినవాడు. ఇక కోచ్ ఎవరో తెలిసిందే. ఒక డిపార్ట్‌మెంట్ టీమ్ దేశపు జట్టుకు వెన్నెముక అయిందంటే అతిశయోక్తి కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నేళ్లకు టీమ్ పేరు ఆంధ్ర పోలీస్ అయింది. పేరు మారినా కాళ్లు అవే. 1960లో రోవర్స్ గెలిచింది. 1961లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని 1-0తో ఓడించింది. 1962లో రోవర్స్‌ని ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకుంది. 1963లో మళ్లీ సొంతంగా గెలిచింది. మధ్యలో ఖాళీగా కనిపిస్తున్న 1961 రోవర్స్ ఎవరు కొట్టారంటారా? సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్, మిలటరీ టీమ్. అంటే పంచుకున్న 1962తో కలిపి నాలుగేళ్ల పాటు ఆ కప్పు మీద జంటనగరాల పేరు ఉంటూనే వచ్చింది.

1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. జకార్తా బంగారం వచ్చి తొమ్మిది నెలలే. ఆయన వయసు యాభై మూడేళ్లు, అంతే.

ఇక్కడే చాలామంది కథ ముగిస్తారు. రహీం పోయారు, హైదరాబాద్ ఫుట్‌బాల్ పోయింది అని. వినడానికి బాగుంటుంది గానీ తేదీలు ఒప్పుకోవు. ఆయన పోయిన ఏడాదే పోలీస్ టీమ్ రోవర్స్ గెలిచింది, డ్యూరాండ్ ఫైనల్ దాకా వెళ్లింది. 1965-66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది. పోలీస్ టీమ్ ఆటగాడు యూసుఫ్ ఖాన్‌కి 1966లో అర్జున అవార్డు వచ్చింది. గురువు పోయిన మర్నాడే శిష్యులు ఆట మర్చిపోరు కదా.

ఇంకో మాట కూడా వింటుంటాను. 1983లో కపిల్ కప్పు తెచ్చాడు, క్రికెట్ అన్నీ మింగేసింది అని. ఇదీ పూర్తిగా ఒప్పుకోను. కోల్‌కతాలో, కేరళలో, గోవాలో టీవీలు లేవా? అక్కడ మింగలేదే.

నా దృష్టిలో అసలు కారణం ఉద్యోగం. ఒక పెద్దాయన ఉండేవారు, ఆంధ్ర పోలీస్‌కి అరవైల్లో ఆడినవారు, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ప్యారడైజ్ దగ్గరి ఒక ఇరానీ హోటల్లో సాయంత్రాలు కూర్చునేవారు. మోకాళ్లు మడతపడక కుర్చీ పక్కకు తిప్పి కాళ్లు చాపుకునేవారు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఒకసారి నాతో అన్నారు: "పొద్దున గ్రౌండ్, మధ్యాహ్నం డ్యూటీ. కలకత్తా నుంచి మనిషి వచ్చి నా ఏడాది జీతం ఒక సీజన్‌కి ఇస్తానన్నాడు. మా అమ్మ వద్దంది. పోలీస్ నౌకరీకి పెన్షన్ ఉంది కదా అంది." ఆయన ఉండిపోయారు. ఉండిపోనివాళ్లే ఎక్కువ. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. అరవైల మధ్యలో నయీముద్దీన్, హబీబ్ అదే దారి పట్టారు. హబీబ్ తమ్ముడు అక్బర్ కూడా. 1970 ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ నయీముద్దీన్. 1977లో పీలే తన క్లబ్ న్యూయార్క్ కాస్మోస్‌తో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే 2-2తో డ్రా చేసిన మోహన్ బగాన్‌లో ఒక గోల్ మన హబీబ్‌దే. కోల్‌కతా వాళ్లు ఆయన్ని "బడే మియా" అని నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ పుట్టిన ఆటకు అక్కడ జనం దొరికారు. తర్వాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా పెద్ద పేరు తెచ్చుకుంది ఆ ఊళ్లోనే.

కోల్‌కతాకి పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వస్తే ఇబ్బంది లేదు. డెబ్బైలు, ఎనభైల్లో వచ్చారు కూడా. బ్యాంకులు, రైల్వే, ఆర్టీసీ, పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీలు, ఇవన్నీ ఆటగాళ్లను తీసుకునేవి. మా వీధిలో తల్లులు పిల్లల్ని గ్రౌండ్‌కి ఎందుకు పంపేవాళ్లనుకున్నారు? ఆట మీద ప్రేమతోనా? బాగా ఆడితే గవర్నమెంట్ నౌకరీ. నేనూ అలా వచ్చినవాణ్ణే, దాచుకోను. తొంభైల్లో ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. నన్ను తీసుకున్న బ్యాంకే (పేరెందుకులెండి) ఆటగాళ్లను తీసుకోవడం ఆపేసింది. మా టీమ్ సగటు వయసు ఏటా ఒక ఏడాది పెరిగింది. అంటే కొత్తగా ఎవరూ చేరలేదన్నమాట. ఆఖరి సీజన్లో గోల్‌కీపర్‌కి నలభై మూడేళ్లు, చత్వారం. హైబాల్ వస్తే మేం ఆయన పేరు పెట్టి కేకేసేవాళ్లం, బాల్ ఎటు ఉందో తెలియడానికి.

దీనికి తోడు గ్రౌండ్లు. మేం ఆడిన మూడు మైదానాల్లో ఒకటి ఇప్పుడు ఫంక్షన్ హాల్, ఒకటి పార్కింగ్. అసోసియేషన్ల తగాదాలు, కోర్టు కేసులు సరేసరి. లీగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియని ఊళ్లో పిల్లవాడు ప్రాక్టీస్ దేనికోసం చేస్తాడు?

పోలీస్ టీమ్ చచ్చిపోలేదు. పోలీసుల మధ్య జరిగే పోటీల్లో ఆడుతూనే ఉంటారు. కానీ దాన్ని ఓ సాయంత్రం వెళ్లి చూడాలని అనుకునే మనిషి ఊళ్లో లేడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. సిటీ పోలీస్‌ని ఎవరూ మూసేయలేదు. మూయడానికి అక్కడ క్లబ్బే లేదు. అధికారికి ఇష్టం తగ్గింది, ఫైలు కిందికి పోయింది, అంతే. అది మాది, వదలం అని అడగడానికి మెంబర్ ఒక్కడూ లేడు. కోల్‌కతా క్లబ్బులు ఇంతకంటే పెద్ద సంక్షోభాలు చూశాయి. అక్కడ జనం ఊరుకోలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది, పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ కింద 2022 మార్చి 20న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మా ఇంట్లో పదిమంది పిల్లలు టీవీ ముందు గెంతారు, కింది ఇంటివాళ్లు పైకొచ్చారు. కానీ చూడండి, కోవిడ్ వల్ల ఆ సీజనూ, దాని ముందు సీజనూ మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ టీమ్ ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు! తర్వాతి ఏడాది గచ్చిబౌలికి వచ్చారు, టేబుల్లో రెండో స్థానం. నేను పిల్లల్ని తీసుకుని మూడు మ్యాచ్‌లకు వెళ్లాను. సికింద్రాబాద్ నుంచి పోను రాను మూడున్నర గంటలు. ఆట ముగిశాక రాత్రి పది దాటింది, బస్సు దొరకదు, పన్నెండేళ్ల పిల్లల్ని మూడు ఆటోల్లో కుక్కి తెచ్చాను. నాలుగోసారి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. వాళ్లని తప్పు పట్టను. బార్కస్‌లో, మల్లేపల్లిలో, బొలారంలో ఆట తెలిసిన జనం ఉన్నారు. టీమ్ వాళ్లకు దూరంగా పెరిగింది. 2023-24లో డబ్బుల ఇబ్బంది మొదలైంది, జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. సీజన్ మొత్తంలో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత యజమాని మారాడు. కొత్త యజమాని దాన్ని ఢిల్లీకి పట్టుకెళ్లి పేరు కూడా మార్చాడు. అప్పుడూ రోడ్డు మీదికి ఎవరూ రాలేదు. నేనూ వెళ్లలేదు, నిజం చెప్పాలిగా.

ఊళ్లో ఇప్పుడు ఆట లేదనుకోకండి. ఇక్కడి క్లబ్ శ్రీనిధి డెక్కన్, ఐఎస్ఎల్ కింది మెట్టయిన ఐ-లీగ్‌లో వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. బార్కస్‌కి ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లండి. నిజాం కాలంలో అరబ్బు సైనికుల బ్యారక్స్ ఉన్న చోటది, ఆ మాటే బార్కస్ అయింది. అక్కడ లుంగీ కట్టుకున్న తాతలు గట్టు మీద కూర్చుని మనవళ్లకు "దేఖ్ కే దే" అని అరుస్తుంటారు. చూసి ఇవ్వరా అని. రహీం సాబ్ చెప్పిందీ అదే.

ఇక మీ తాతగారి ఫొటో. దాన్ని నేను చూడలేదు కాబట్టి మీరే చూసి తేల్చుకోవడానికి నాలుగు గుర్తులు చెబుతాను. ముందు వరసలో ఎవరి కాళ్ల దగ్గరైనా పలక గానీ, తెల్ల పెయింటు అక్షరాలున్న చెక్క గానీ ఉంటుంది. దాని మీద సిటీ పోలీస్ అని ఉంటే యాభైల్లోనిది. ఆంధ్ర పోలీస్ అని ఉంటే అరవైలది. బల్ల మీద కప్పులు లెక్కపెట్టండి. డ్యూరాండ్ గెలిచినవాళ్లకు డ్యూరాండ్ కప్పు, సిమ్లా ట్రోఫీ, ప్రెసిడెంట్స్ కప్పు అని మూడు ఇస్తారు. ప్రెసిడెంట్స్ కప్పు ఇవ్వడం 1956 నుంచి మొదలైంది. కాబట్టి మూడు పెద్ద వెండి కప్పులు పక్కపక్కన ఉంటే అది చాలావరకు 1957 ఫొటో, లేదంటే 1961ది. పలక మీద పేరు చూస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది. ఫ్రేములోంచి మాత్రం మీరే తీయకండి. పాత ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటే పైపొర ఊడి వచ్చేస్తుంది. అద్దంతో సహా ఎండపడని చోట పెట్టి, మెరుపు పడకుండా కొంచెం పక్కనుంచి ఫోన్‌తో తీయండి. అట్ట వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాసి ఉంటే అది కూడా తీయండి. ఉర్దూలో ఉంటే నాకు పంపండి, చదివి చెప్పేవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.